లక్ష్మవ్వ ఆమెన్

క్యాబ్ చిక్కడపల్లి గల్లీ మొదట్లో ఆగి హారన్ కొట్టింది. మంజుల బ్యాగు సర్దడం అయిపోయింది. ఇక ప్రార్థన ఒక్కటే మిగిలింది.

పెద్దవాళ్లు ప్రార్థన చేసి ఆమెన్ అనకుండా ఆ ఇంట్లో ఎవరూ గడప దాటరు. పక్కనే ఉన్న బర్కత్‌పుర పోవాలన్నా నాలుగు మాటలు తప్పవు. ఈసారి పోయేది అండమాన్‌కు. పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగి సాయంత్రం ఓడెక్కితే, మిషన్ వాళ్లు చిన్న ఆసుపత్రి నడిపే దీవి వస్తుంది. అక్కడి జాలరి కుటుంబాలకు చాలాకాలంగా నర్సు లేదు. వస్తామన్నవాళ్లు వరసగా మానుకున్నారు. ఈ ఓడకు రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని, నర్సుగా పోతున్న మంజులకు ముందే చెప్పేశారు.

ఆమెను పెంచి పెద్దచేసిన అమ్మమ్మ లక్ష్మవ్వ వారంగా మాట్లాడటం లేదు. పోవద్దనలేదు, పొమ్మనీ అనలేదు. ఇప్పుడు మాత్రం కొంగు తల మీదికి లాక్కుని మోకాళ్లూనింది. మంజుల పక్కనే మోకరించింది. పులిహోర డబ్బా ఇవ్వడానికి వచ్చిన పక్కింటి విద్యావతిగారు, గుడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, నుదుట కుంకుమతోనే కళ్లు మూసుకుని నిలబడింది.

"మహోన్నతుడవైన దేవా, నీకు స్తోత్రము," అని లక్ష్మవ్వ మొదలుపెట్టింది.

నారాయణగూడలోని సంఘాన్ని, పాస్టరుగారిని, ఆయన షుగరును ముగించింది. అశోక్‌నగర్ హాస్టళ్లలో సర్కారు పరీక్షలకు చదివే పిల్లల దగ్గరికి వచ్చింది. ఆదివారాలు వాళ్లకు తను వండి పంపే పప్పన్నాన్ని, వాయిదా పడిన నోటిఫికేషన్లను దేవుడికి అప్పగించింది. హారన్ మళ్లీ మోగింది. ప్రార్థన విద్యానగర్‌లో మెట్ల మీద జారిన ఎవరో సోదరి మోకాలి వైపు మళ్లింది.

మంజులకు అప్పుడు అర్థమైంది. అమ్మమ్మ ఆమెన్ అనదు. అది వినకుండా తను లేవడానికి లేదు. విమానం మాత్రం ఎగిరిపోతుంది.

బ్యాగులో ఫోను మోగింది. డ్రైవరే అయి ఉంటాడు. లక్ష్మవ్వ గొంతు పెంచింది.

"వాహనములు నడుపువారిని దీవించుము తండ్రీ. తొందరలేని మనసు దయచేయుము."

విద్యావతిగారు కళ్లు తెరవకుండానే గొణిగింది. "లక్ష్మవ్వా, జర జల్ది కానియ్యి. ఎయిర్‌పోర్టు ఏమన్న బాగ్ లింగంపల్లి పక్కకున్నదా?"

"దేవుని ముందట ముచ్చట్లేంది విద్యావతమ్మా," అని కసిరి లక్ష్మవ్వ మళ్లీ అందుకుంది.

ప్రార్థనను ఆపమనే అలవాటు ఆ ఇంట్లో లేదు. గొంతు కలిపే అలవాటు ఉంది. అమ్మమ్మ ఊపిరి తీసుకున్న సందులో మంజుల దూరింది.

"ప్రభువా, అమ్మమ్మ నాతోని మాట్లాడుత లేదు. నీతోనన్న మాట్లాడుతున్నది గదా. నామీద కోపమెందుకో జర అడుగు."

లక్ష్మవ్వ దేవుడికే జవాబు చెప్పింది. బైబిలు భాష ఎటు పోయిందో పోయింది.

"కోపం దానిమీద గాదు ప్రభువా, నీమీద. సోమవారం స్త్రీల సమాజంల తలా ఒక జాగ పంచుకుని ప్రార్థన చేస్తం. నా వంతుకు దీవులొచ్చినయి. సముద్రం మొఖం చూసినదాన్ని గాదు, అయినా ఏండ్ల సంది అడిగిన, ఆడికి పనిచేసేటోళ్లను పంపుమని. ఎవలనో పంపుతవనుకున్న. నా ఇంట్లకెళ్లే నా పిల్లను తీసుకపోతవని నాకెర్కనా?"

విద్యావతిగారు ముక్కు ఎగబీల్చింది. మంజుల మళ్లీ గొంతు కలిపింది.

"అమ్మమ్మ వద్దంటే బ్యాగు దించుత ప్రభువా. వేరేటోళ్లను పంపుమని అడుక్కోమను."

"వేరేటోళ్ల పిల్లను పంపుమని ఎట్ల అడగాలె?" అంది లక్ష్మవ్వ. దేవుడితో అన్నదో మనవరాలితో అన్నదో తెలియలేదు. "ఆ పిల్లకు మాత్రం అమ్మమ్మ ఉండదా?"

మంజుల నెత్తిన ముడతల చెయ్యి పడింది.

"ఓడల వాంతులు గాకుండ చూడు తండ్రీ. దీనికి సిటీ బస్సే పడది. ఆమెన్."

"ఆమెన్," అంది విద్యావతిగారు అందరికంటే గట్టిగా. డబ్బా మంజుల చేతిలో కుక్కి, గల్లీ మొదటిదాకా తోసుకుపోయింది.

క్యాబ్ కదిలింది. మంజుల అద్దం దించి వెనక్కి చూసింది. వెనకాలే వచ్చిన లక్ష్మవ్వ కొంగు కప్పుకుని, పెదవులు కదుపుతూ నిలబడి ఉంది.

"ఆమెన్ అన్నవ్ గదా, మళ్ల ఏంది?" అని విద్యావతిగారు అడగడం వినిపించింది.

"అది పిల్లకు. ఇది డ్రైవర్‌కు. జర జోరుగ నడపాలె గదా."