వెళ్ళిపొమ్మన్న కాగితం

ఎవెలిన్ పార్క్‌మన్ బల్లకి అవతల కూర్చుని, కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చనిపోయి పదకొండు వారాలైన మనిషికి చిక్కుడుకాయలతో ఏం పని అని హైమవతికి తోచదు. తోచేదల్లా, ఈవిడ ఈనె తీసే పద్ధతి బాగాలేదు, సగం నార కాయకే ఉండిపోతోంది అని. గది మాత్రం తెలిసిన గదే, థార్న్‌బీ టౌన్‌హాలు కింద నేలమాళిగలో ఊరి పాత కాగితాలు దాచే గది; కాకపోతే ఇవాళ దాని గోడలకి కుదురు లేదు. అట్టపెట్టెల వరస చూస్తూ ఉండగానే ఆసుపత్రి వరండా అయిపోతుంది, వరండా చివర హైమవతి వంటిల్లు కనిపిస్తుంది, వంటింట్లో చారు పొంగడానికి సిద్ధంగా ఉంటుంది, ఎడమ చెవి రెండుగా చీల్చిన ఆవు ఒకటి ఆ చారు వాసన చూసి, నచ్చనట్టు ముట్టె తిప్పుకుని, అల్మారాల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోతుంది.

"రా అమ్మాయ్, కూర్చో. ఎంతసేపని నిలబడతావు?" అంటుంది ఎవెలిన్.

తెలుగులో అంటుంది. అందులోనూ తణుకు తెలుగులో, హైమవతి అత్తగారి గొంతు అరువు తెచ్చుకున్నట్టు. బతికున్న రోజుల్లో ఇరవై రెండేళ్ళ పరిచయంలో హైమవతి అన్న నాలుగక్షరాల్లో మొదటిదాని దగ్గరే ఆయాసపడి ఆగిపోయిన మనిషి, పోయాక ఇంత శుభ్రంగా మాట్లాడుతుంటే, ఇదేదో ముందే చేసుంటే ఇద్దరికీ ఎంత శ్రమ తప్పేది అని హైమవతి లోపల విసుక్కుంటుంది. విసుక్కుంటూనే కుర్చీ లాక్కుని, తనకి తెలియకుండానే "మామ్మగారూ" అని పిలుస్తుంది. బతికుండగా మిసెస్ పార్క్‌మన్ అనడమే గానీ వరస కలిపింది లేదు.

కలపకపోవడానికి కారణాలున్నాయి. బోస్టన్‌కి గంటన్నర దూరంలో ఉన్న ఆ చిన్న ఊరికి వచ్చినప్పుడు హైమవతి దగ్గర చరిత్రలో ఎమ్మే పట్టా ఉంది, మొగుడి వీసాకి తోకలా అతికించిన వీసా ఉంది, జీతం తీసుకుని పనిచేసే హక్కు మాత్రం లేదు. రెండిళ్ళ అవతల ఉండే ఎవెలిన్‌కి ఊరి కాగితాల గది మీద పెత్తనం ఉంది, జీతం అడగని మనుషుల అవసరమూ ఉంది. అలా కుదిరింది. ఈక కలంతో రాసిన పాత దస్తూరీ ఎలా చదవాలో, పురుగు తిన్న చోట మాట ఎలా ఊహించకూడదో, ఒక మనిషి పుట్టుక రాసిన పుస్తకం కాలిపోతే ఆ మనిషిని పన్నుల చిట్టాలోనూ కంచె తగాదాల్లోనూ ఎలా వెతికి పట్టుకోవాలో ఎవెలిన్ నేర్పింది. విసుక్కోకుండా నేర్పింది. నేర్పిస్తూనే ఏటా ఆకులు రాలే వేళకి యాపిల్ పళ్ళతో చేసిన పిండివంట పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, అయితే మీరు ఎప్పుడు వెళ్ళిపోతున్నారు అని అడిగేది. ఆ అడగడంలో విషమైనా ఉంటే కొంత నయంగా ఉండేది. మీ రైలు ఎన్నింటికి అన్నట్టు అడిగేది.

"కాగితం తెచ్చావా?" అంటుంది ఇప్పుడు, ఇంకో కాయ అందుకుని.

హైమవతి చేతిలో కాగితం లేదు. ఉండవలసింది కాదు కూడా. అది ఇంట్లో బీరువాలో, గద్వాల చీరకీ ధర్మవరం చీరకీ మధ్య, ప్లాస్టిక్ కవర్లో ఉంది. ఊరి కాగితం ఈ గది గుమ్మం దాటకూడదని ఎవెలిన్ ఆమెకి మొదటి రోజే చెప్పింది, తర్వాత ఏ రోజూ చెప్పనక్కర్లేకపోయింది.

"చారు పొంగుతోంది మామ్మగారూ" అంటుంది హైమవతి మాట మార్చి.

"పొంగనీ. బతికున్నవాళ్ళకి కదా చారు."

ఆ కాగితం దొరికింది ఆవుల చెవుల పుస్తకంలో. ఆ రోజుల్లో ఊరందరి పశువులూ ఒకే పచ్చికబీడులో మేసేవి గనక, ఏ ఇంటి ఆవుకి ఏ చెవి ఎలా కోశారో గుర్తులు బొమ్మలు గీసి రాసిపెట్టుకునేవారు. రెండువందల అరవై ఏళ్ళ కిందటి ఆవు చెవి ఇప్పుడెవరికి కావాలి? ఆ పెట్టె ఎవరూ విప్పరు. ఎవెలిన్ ఆసుపత్రిలో చేరిన వారం, ఏమీ తోచక హైమవతి విప్పింది. పుస్తకం మధ్యలో నాలుగు మడతల కాగితం. టాబితా అనే ఒంటరి ఆడది జోసియా అనే చంటివాడితో పొరుగూరి నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్నది గనక, పద్నాలుగు రోజుల్లోగా ఈ ఊరు విడిచిపోవలసిందిగా ఆమెని హెచ్చరించడమైనది అని రాసుంది. కింద ఊరిపెద్దల సంతకాలు. అందరికన్నా పైన, అందరికన్నా లావుగా, ఈలై పార్క్‌మన్ సంతకం.

ఆ ఈలై పార్క్‌మన్ దగ్గరే మొదలవుతుంది ఎవెలిన్ రాసిన 'తొమ్మిది తరాల పార్క్‌మన్లు' అనే పుస్తకం. ఆయన కడగొట్టు కొడుకు జోసియా అనీ, తను ఆ జోసియా వంశమనీ, చర్చి కాలిపోయి పుట్టుక పుస్తకం దక్కలేదు గానీ లేకపోతే రుజువు ఉండేదనీ అందులో రాసింది. రుజువు ఉంది, ఆవుల చెవుల మధ్య. పొమ్మన్నంత మాత్రాన ఆ రోజుల్లో ఎవరూ చెయ్యి పట్టుకుని గెంటేవారు కాదు; రేపు పస్తులుంటే ఊరికి బాధ్యత లేదని ముందే చెప్పేసి చేతులు దులుపుకునేవారు, అంతే. టాబితా ఇక్కడే ఉండిపోయింది, ఇక్కడే చచ్చిపోయింది. పిల్లవాణ్ణి ఆరో ఏట అదే ఈలై పాలేరుగా పెట్టుకున్నాడని ఇంకో పెట్టెలో ఒప్పందం ఉంది. పాలేరుకి ఇంటిపేరు లేదు. యజమానిది అంటుకుంది.

ఆ మధ్యాహ్నం హైమవతి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాగితం సంచిలో వేసుకుని తిన్నగా ఆసుపత్రికి వెళ్ళింది, పళ్ళు తీసుకెళ్ళడం కూడా మరిచిపోయింది. మంచం పక్కన కూర్చుని, ఊరి బంట్రోతు దండోరా వేసినంత నింపాదిగా, మొదటి మాట నుంచి చివరి సంతకం దాకా చదివి వినిపించింది. ఎవెలిన్ కిటికీ వైపు చూస్తూ విన్నది. విని, ఆ దస్తూరీ ఇప్పుడు బాగా చదువుతున్నావు అంది. ఇంకేమీ అనలేదు. మూడో రోజు పోయింది.

"మామ్మగారూ, నేను చదివింది నిజమే కదా" అంటుంది హైమవతి. ఈ మాట అడగడానికే తను ఇక్కడికి వచ్చిందని ఆమెకి ఇప్పుడు తెలుస్తుంది. గోడలు మళ్ళీ జరిగి ఆసుపత్రి మంచం వాళ్ళిద్దరి మధ్యకి వస్తుంది, మంచం మీద ఎవరూ లేరు, చిక్కుడు ఈనెలు మాత్రం కుప్పగా ఉన్నాయి.

"నిజం కాదని ఎవరన్నారు?"

"మరి ఏమీ అనలేదేం మీరు?"

"నేను పడుకుని ఉండగా చదివావు అమ్మాయ్. నిలబడి ఉన్న రోజుల్లో చదివుంటే నీతో దెబ్బలాడేదాన్ని. నీకు నిజం చెప్పాలనుంటే నేను లేస్తానేమోనని ఇంకో వారం ఆగేదానివి, లేకపోతే అసలు ఊరుకునేదానివి. నేను పడుకోవడం చూసుకుని వచ్చావు."

హైమవతి దీనికి జవాబు సిద్ధం చేసుకునే ఉంది, పదకొండు వారాలుగా గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ సానపెట్టుకుంటున్న జవాబు. "ఇరవై రెండేళ్ళు నన్ను ఎప్పుడు పోతావని అడిగారు."

"అడిగాను. పోను అని నువ్వు ఒక్కసారైనా అన్నావా? చూడాలండీ, చూడాలండీ అనేదానివి. నీ మొహంలో కోపం కనపడితే మానేసేదాన్ని. నీ మొహం ఎప్పుడూ మర్యాదగా ఉండేది."

మర్యాదగా ఉండడం కూడా నేరమేనా అని హైమవతికి ఒళ్ళు మండిపోతుంది. కానీ ఆ మంటలో ఎక్కడో చిన్న పుల్ల సరిగ్గా తనదేనని కూడా తెలుస్తూ ఉంటుంది. చెవి చీలిన ఆవు తిరిగి వచ్చి మంచం మీది ఈనెలు తినడం మొదలుపెడుతుంది. ఇద్దరూ కాసేపు దాన్ని చూస్తారు. పొరుగింటి పిల్లవాడు అన్నం తింటుంటే చూసినట్టు.

"ఇంతకీ నువ్వు నాకు కొత్త సంగతేం చెప్పలేదులే" అంటుంది ఎవెలిన్. "ఆ కాగితం నేను ఎప్పుడో చూశాను. ఆ పెట్టెలో పెట్టింది నేనే."

చచ్చినా గొప్పలు మానలేదు అనుకుంటుంది హైమవతి. ఎప్పుడు ఏ కాగితం చూపించినా తనకి ముందే తెలుసనడం ఈవిడకి బతికుండగానే అలవాటు. "అంత తెలిసినవారు చించి పారెయ్యలేకపోయారా?"

"చించడానికి అది మా నాన్న ఆస్తా? ఊరి కాగితం. చించకూడదు."

"చోటు మార్చి దాచవచ్చా?"

"దాచకూడదు. దాచాను." ఎవెలిన్ మొదటిసారి తలెత్తి చూస్తుంది. ఆ చూపులో పశ్చాత్తాపం ఏమీ లేదు, లెక్కల మేష్టారు తప్పు దిద్దేటప్పటి చిరాకు ఉంది. "నేను దాచింది ఊరి గదిలో, ఎవరైనా విప్పగలిగిన పెట్టెలో. నువ్వు దాచింది నీ పట్టుచీరల మడతల్లో. మనిద్దరిలో దొంగ ఎవరో ఎమ్మే చదివినదానివి, నువ్వే చెప్పు."

హైమవతి చీర చెంగు వేలికి చుట్టుకుంటుంది. కట్టుకున్నది నైటీ కదా, చెంగు ఎక్కడిది అన్న అనుమానం వచ్చి, వచ్చినంత మెత్తగా పోతుంది. అసలు సంగతి ఇంకా మిగిలే ఉంది. ఎవెలిన్ జ్ఞాపకార్థం ఆ తొమ్మిది తరాల పుస్తకం ఊరివాళ్ళు మళ్ళీ అచ్చు వేయిస్తున్నారనీ, సోమవారం ప్రెస్సుకి వెళుతుందనీ, ఆఖరిసారి సరిచూసి తప్పులుంటే దిద్దమని తన చేతికే ఇచ్చారనీ చెబుతుంది. మొదటి పేజీలోనే తప్పు ఉందని చెబుతుంది. దిద్దితే చచ్చిన మనిషిని రెండోసారి కొట్టినట్టు ఉంటుంది, దిద్దకపోతే మొదటిసారి ఎందుకు కొట్టినట్టు అని అడుగుతుంది.

"ఏం చెయ్యమంటారు, మామ్మగారూ?"

"నన్నడక్కు. నా వంతు అబద్ధం నేను ఆడేశాను. నీ వంతు నువ్వు చూసుకో."

"అది కాదండీ, నన్ను క్షమించానని ఒక్కమాట..."

"ఇప్పుడు అడుగుతున్నావా? నేను మళ్ళీ పడుకున్నాక?"

ఎవెలిన్ నిజంగానే మంచం మీద ఉంది. ఎప్పుడు చేరిందో హైమవతి చూడలేదు. కానీ ఎవెలిన్ తన వైపు చూడటం లేదు, గుమ్మం వైపు చూస్తోంది. గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉంది, బూడిద రంగు గౌను అంచుకి మంచు పట్టి, చంకలో పిల్లాడు, చేతిలో చిన్న మూట. పాతికేళ్ళు కూడా ఉండవు. లోపలికి రావచ్చో లేదో ఎవరూ చెప్పకపోవడం వల్ల గడప మీద ఒక కాలు, బయట ఒక కాలు పెట్టి నిలబడింది. ఆవిడ ఎవరో ఇద్దరికీ తెలుసు.

"కూర్చోమని చెప్పు" అంటుంది ఎవెలిన్ గొంతు తగ్గించి.

"మీ ముత్తవ్వ. మీరే చెప్పండి."

"నీ కాగితం చూసి వచ్చింది. నువ్వే చెప్పు."

ఎవరూ చెప్పరు. గదిలో ఉన్నవి రెండే కుర్చీలు, ఒకటి ఎవెలిన్ వదిలేసి మంచం ఎక్కినది, అయినా దాన్ని ముందుకు జరపడానికి హైమవతికి చెయ్యి రాదు. టాబితా పిల్లాణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంటుంది. ఆవిడ మొహంలో కోపం లేదు, దుఃఖమూ లేదు; మర్యాద ఉంది.

"పద్నాలుగు రోజులు అయిపోయాయా అమ్మా?" అని అడుగుతుంది, మరెవరినో కాదు, హైమవతినే.

ఇదిగో, ఇప్పుడు చెప్పవచ్చు. ఆ గడువు పోయి రెండున్నర శతాబ్దాలైందనీ, గడువు పెట్టినవాడి ఎముకలు కూడా మిగల్లేదనీ, ఉండమ్మా, నీ ఊరే, నీ పిల్లాడి పేరున్న పుస్తకం కూడా ఇక్కడ ఒకటి ఉందనీ చెప్పవచ్చు. హైమవతి నోరు తెరుస్తుంది. ఆ తెరిచిన నోట్లోంచి, ఎంతో నెమ్మదిగా, ఎంతో మర్యాదగా, "చూడాలండీ" అన్న మాట వస్తుంది.

టాబితా తల ఊపుతుంది, అలవాటైన జవాబే విన్నట్టు. గడప మీద ఉన్న కాలు వెనక్కి తీసుకుంటుంది.

హైమవతికి మెలకువ వచ్చేసరికి శనివారం మధ్యాహ్నం మూడున్నరైంది. సోఫాలో మెడ వాలిపోయి పట్టేసింది, ఒళ్ళో అచ్చుకి వెళ్ళవలసిన పుస్తకం ప్రతి, మొదటి పేజీ దగ్గరే తెరిచి ఉంది. వాళ్ళాయన గరాజులో ఏదో దిగ్గొడుతూ, టీ పెడతావా అని కేకేశాడు. ఆమె లేచి లోపలికి వెళ్ళి, బీరువా తీసి, చీరల మధ్య నుంచి కవరు లాగి, కాగితం మంచం మీద పరిచింది. ఎన్నోసార్లు చూసిన కాగితమే. కంఠతా వచ్చిన కాగితమే. ఎందుకు చేసిందో తెలియకుండా దాన్ని తిరగేసింది.

వెనక, కింది మూల, చీమ తలకాయంత అక్షరాల్లో, పెన్సిల్‌తో ఇ.పి. అనీ, 1983 అక్టోబరు 9 అనీ ఉంది. ఆ గదిలో పనిచేసేవాళ్ళు తాము చూసిన ప్రతి కాగితం వెనకా అలాగే పెన్సిల్‌తోనే పొడి అక్షరాలూ తేదీ వేస్తారు, చదివాను అని గుర్తు. ఎవెలిన్ పుస్తకం అచ్చయింది ఆ తర్వాత రెండేళ్ళకి.

పదకొండు వారాల్లో ఒక్కసారి కూడా తను ఈ వైపు తిప్పి చూడలేదు. కొట్టడానికి ఒక వైపు చాలింది.

ఎవెలిన్ అక్షరాల పక్కన ఇంకొకరి పొడి అక్షరాలకి సరిపడా చోటుంది. హైమవతి వంటింటి సొరుగు, వాళ్ళాయన బల్ల, పాత హ్యాండ్‌బ్యాగులు అన్నీ చూసింది. ఎక్కడా పెన్సిల్ కనపడలేదు. దొరికేదాకా వెతికింది.