నాలుగంగుళాలు లేచిన జీపు

పాల్‌కి జీపంటే ప్రాణం. నడపడమంటే మాత్రం అంత ప్రాణం కాదు. భవానీపురంలో ఇంటికీ అతను పనిచేసే బ్యాంకుకీ మధ్య స్కూటరు వేడెక్కేంత దూరం కూడా లేదు. కాబట్టి వారంలో ఆరు రోజులూ ఆ జీపులో మంగళగిరి వెళ్లొచ్చేది అతని భార్య స్టెల్లా. అక్కడ నర్సింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక పాల్ దాన్ని తుడిచి, పక్కన నిలబడి ఫొటో దిగుతాడు.

జీపు క్లబ్బులో అందరి బళ్లూ ఎత్తుగా ఉంటే తనదొక్కటే నేలను నాకుతున్నట్టుందని బెంగపెట్టుకుని, ఆటోనగర్‌లో జోయెల్ షెడ్డుకి తీసుకెళ్లి నాలుగంగుళాలు లేపించాడు. ఈ డెల్టాలో మనం ఎక్కబోయే కొండ ఎక్కడుందని స్టెల్లా అడిగితే, అవసరం వేరు, అందం వేరు అన్నాడు. చీరల దగ్గర ఆమె ఇదే మాట అంటే ఏనాడూ ఒప్పుకున్న పాపాన పోలేదు.

మర్నాడు కనకదుర్గ వారధి మీద స్టెల్లాకి చెమటలు పట్టాయి. జీపు ఒకసారి రెయిలింగు వైపు, ఒకసారి లారీల వైపు పోతోంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడం మానేసింది. ఇంటికొచ్చి చెబితే పాల్ జాలిగా తల ఊపి, ఎత్తు బండి నడపాలంటే కాస్త గుండె ఉండాలన్నాడు. ఆమె రోజూ చెప్పింది. అతను రోజూ గుండె సంగతే చెప్పాడు. ఆమెకి నిజంగానే భయం వేసేది. తనకేమైనా అయితే, పాపం డ్రైవింగు రాదు అనే మాటొక్కటే మిగులుతుందని తలుచుకుంటే భయం కన్నా కోపం ఎక్కువ వచ్చేది.

చివరికి మూడు నెలలయ్యాక పోరు పడలేక పాల్ ఆమెను వెంటబెట్టుకుని మళ్లీ షెడ్డుకి వెళ్లాడు. జోయెల్ బండి కిందికి దూరి చూసి, విషయం విప్పి చెప్పాడు. బండి లేపితే ముందు ఇరుసు వాలు మారుతుంది. సైకిలు ఫోర్కు వెనక్కి వాలి ఉన్నట్టు, స్టీరింగును సూటిగా నిలబెట్టేది ఆ వాలే. దాన్నే క్యాస్టర్ అంటారు. ఇరుసును వెనక్కి తిప్పితే స్టీరింగు బాగుపడుతుంది. కానీ గేర్‌బాక్సు నుంచి ఇరుసుకొచ్చే షాఫ్టు మరీ వంకరపడి, వేగంలో గుంయ్‌మంటుంది. షాఫ్టును సూటిగా పెడితే స్టీరింగు పాడవుతుంది. రెండూ పూర్తిగా కుదరవు, అటు కొంతా ఇటు కొంతా సర్దుకోవాలన్నాడు.

"ఈ రెండిట్లో బయటివాళ్లకి తెలిసేదేది?" అని అడిగాడు పాల్.

"షాఫ్టు సౌండే సార్. స్టీరింగ్ సంగతి తోలేవాళ్లకే తెలుస్తుంది."

"అయితే సౌండ్ రాకుండా చూడు."

నలుగురూ ఏమనుకుంటారన్నదే పాల్‌కి అన్ని కొలతలకీ కొలత. జోయెల్‌కి బేరం చెడగొట్టుకునే అలవాటు లేదు. ఇరుసును ఇంకాస్త ముందుకే తిప్పి పంపాడు. చప్పుడన్నదే లేదు. స్టెల్లాకి మాత్రం వారధి దాటేసరికి భుజాలు పడిపోయేవి.

రెండో శనివారం బ్యాంకుకీ కాలేజీకీ సెలవు. క్లబ్బు వాళ్లంతా మంగినపూడి బీచికి బయలుదేరారు. నలుగురి ముందూ స్టీరింగు భార్యకిస్తే బాగుండదని పాల్ తనే కూర్చున్నాడు. లేపించాక అతను వేగంగా నడపడం అదే మొదలు. బందరు రోడ్డెక్కాక జీపు దారి పొడవునా ముగ్గు వేసుకుంటూ పోయింది. కాస్త గుండె ఉండాలనే మాట స్టెల్లా నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ప్రాణభయంతో మింగేసింది. వెనక బండిలోంచి క్లబ్బు మిత్రుడు పవన్‌కుమార్ వీడియో తీసి, పాల్ గారు పొద్దున్నే మొదలెట్టారా అని గ్రూపులో పెట్టాడు.

ఉయ్యూరు దాటాక పోలీసులు ఆపి, నోట్లో గొట్టం పెట్టి ఊదమన్నారు. చర్చిలో సంఘ పెద్ద హోదాలో ప్రతి నెలా యువకులకి మద్యం మానమని బోధించే పాల్, రోడ్డు పక్కన బుగ్గలు పూరించి ఊదాడు. పవన్‌కుమార్ అదీ వీడియో తీశాడు, సాయంత్రానికల్లా అది సంఘం గ్రూపులోకి చేరింది. గొట్టం సున్నాయే చూపించింది. పాపం, ఆ సున్నా ఒక్కటే వీడియోలో పడలేదు.

సోమవారం జోయెల్ తాళం తీసేసరికే పాల్ షెడ్డు ముందున్నాడు. అటు కొంతా ఇటు కొంతా సర్దారు. ఇప్పుడు వేగంలో కాస్త గుంయ్‌మంటుంది, స్టీరింగు మాత్రం చెప్పినట్టు వింటుంది.

తర్వాతి ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పుకునే సాక్ష్యాల వేళ పాల్ లేచాడు. తాను తాగలేదనీ, దోషమంతా ఇరుసు వాలుదేననీ, చప్పుడొచ్చినా సరే భార్య క్షేమమే ముఖ్యమనుకుని బాగు చేయించాననీ చెప్పాడు. సంఘం మెచ్చుకుంది. పాస్టరు అయ్యగారు మురిసిపోయి, స్టెల్లా గారు కూడా ఒక మాట చెబితే బాగుంటుందన్నారు.

స్టెల్లా తలమీది కొంగు సర్దుకుని లేచింది.

"నాలుగు నెలలు దేవుడు నన్ను రోజూ ప్రాణాలతో వారధి దాటించాడు. బండి లాగేస్తోందని రోజూ మా ఆయనకి చెప్పాను. నమ్మలేదు. ఆయన్ని నమ్మించడానికి దేవుడు పోలీసుల్ని పంపాడు. దేవునికి స్తోత్రం."

అలవాటు ప్రకారం సంఘమంతా ఆమేన్ అంది. ఆడవాళ్ల వైపు నుంచి కాస్త గట్టిగానే వినిపించింది. ముందు వరసలో కూర్చున్న సంఘ పెద్ద కాబట్టి పాల్‌కి కూడా అనక తప్పలేదు.