తల తిప్పుకున్న గుర్రం

“మా ఆవిడ చూసుకుంటుందిలే అన్నయ్యా, నువ్వు నిశ్చింతగా ఉండు” అని మా ఆయన ఫోన్లో చెబుతున్నప్పుడు నేను స్టూలెక్కి హాల్లో కర్టెన్లు ఊడదీస్తున్నాను. బావగారింట్లో ఉంటున్న మా అత్తగారు బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది. ఇక ఆవిడ మా ఇంటికి వచ్చేస్తారు. ఇదంతా నేను స్టూలు మీదే తెలుసుకున్నాను. కిందికి దిగి “మరి నా ఉద్యోగం?” అన్నాను. “ఉద్యోగం మళ్ళీ దొరుకుతుంది. అమ్మ దొరుకుతుందా?” అన్నారు. ఆ మాటకి ఎదురు చెప్పి బతికి బట్టకట్టిన కోడలు ఎక్కడైనా ఉందా? వెళ్ళి కర్టెన్లు నానబెట్టాను.

ఆసుపత్రి ల్యాబులో పందొమ్మిదేళ్ళుగా రక్తం తీస్తున్నాను. ఎంత వెతికినా నరం దొరకని ముసలివాళ్ళని, చంటిపిల్లల్ని నా దగ్గరికే పంపుతారు. మొన్ననే సెక్షనంతా నా చేతికిచ్చారు. వారానికి నాలుగు రోజులు ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో పనిచేసుకునే మనిషి, అమ్మని తనే చూసుకుంటానని ఎందుకనలేదో అడగాలనిపించింది. అడగలేదు. మర్నాడు ఆయనే నా రాజీనామా టైపు చేసి తెచ్చారు. “నీకెందుకు శ్రమ అని నేనే కొట్టేశాను. సంతకం పెట్టి సోమవారం ఇచ్చెయ్” అన్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా పని ఒకటి ఆయన చేసిపెట్టడం అదే మొదలు.

ఆ ఆదివారం ఆసుపత్రివాళ్ళు ఆడ ఉద్యోగులని కొందరిని ఊరి బయటికి, గుర్రాల దగ్గరికి తీసుకెళ్ళారు. వాటితో ఒక పూట గడిపితే మనసు తేలికపడుతుందట. “గుర్రమెందుకు, నన్ను చూడు చాలు” అని మా ఆయన నవ్వారు. గాడిద చాకిరీకి ఒక పూట సెలవు, గుర్రమైతేనేం ఏనుగైతేనేం అని బస్సెక్కాను.

గుర్రాల్ని పెంచే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, నెత్తిన పాత టోపీ. మిగతావాళ్ళు కంచె పట్టుకుని వింతగా చూస్తుంటే నా కన్ను మాత్రం నీళ్ళ తొట్టి మీద పడింది. అంచంతా నాచు. పక్కనే బ్రష్షుంది. ఎప్పుడు తీసుకున్నానో నాకే తెలీదు, సగం తొట్టి తోమేశాను.

“ఏంటమ్మా అది?” అంది బూట్లావిడ.

“నాచు పట్టిందండీ...”

“పట్టనీ. మిమ్మల్ని పనికి పిలవలేదు కదా.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పనిలేకుండా నిలబడటం నాకెవరూ నేర్పలేదు.

నాకొక ముసలి ఆడగుర్రాన్ని చూపించింది. గోధుమరంగు ఒళ్ళు, నుదుట తెల్ల మచ్చ. “ముట్టుకునే ముందు అడగాలి. చెయ్యి ముక్కు ముందర పెట్టి ఆగండి. ముక్కు ఆనిస్తే సరేనని. తల తిప్పుకుంటే వద్దని. వద్దంటే వెనక్కి వచ్చేయండి” అంది. ఇంతేనా అనుకుని చెయ్యి చాపాను. గుర్రం తల తిప్పుకుంది. కాసేపాగి మళ్ళీ అడిగాను. మళ్ళీ తిప్పుకుంది. మూడోసారి ఏకంగా నడుచుకుంటూ అవతలికి పోయింది. పక్కన మా ఆసుపత్రి నర్సు ఒకావిడ తన గుర్రాన్ని హాయిగా నిమురుతోంది. గుర్రానికి కూడా నచ్చలేదన్న మాట నేను! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నేనేం తప్పు చేశానండీ?”

“మీరేం చేశారు? దానికిప్పుడు ఇష్టం లేదు.”

ఆవిడ తనే వెళ్ళి చెయ్యి చాపింది. ఆవిణ్ణీ వద్దంది. పద్నాలుగేళ్ళుగా మేత పెట్టి పెంచుతున్న మనిషిని! ఆవిడ “సరే తల్లీ” అని వెనక్కి వచ్చేసింది.

“మీరు దాన్నేం అనరా?” అన్నాను, నమ్మలేక.

“ఎందుకంటాను? వద్దన్నంత మాత్రాన నాది కాకుండా పోతుందా?” అని గడ్డిమోపు తెచ్చి దాని ముందే వేసింది.

నేను కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయాను. నా ‘వద్దు’లన్నీ గుర్తొచ్చాయి. పిల్లాడికి పరీక్షలండీ, డ్యూటీ మారిందండీ, బస్సు దొరకదేమోనండీ. ఒక్కటి కూడా ఒంటరిగా గడప దాటలేదు, ప్రతిదానికీ ఏదో సాకు తోడు పంపాను. వాటికి కూడా ఇంట్లో మూడేసి రోజులు మొహాలు మాడిపోయేవి. ఈ గుర్రం సాకు చెప్పలేదు, క్షమాపణ అడగలేదు. తల తిప్పుకుని, ఆ తర్వాత నిశ్చింతగా గడ్డి నములుతోంది. ఇలా కూడా బతకొచ్చా? దీన్ని చూడ్డానికి నాకు నలభై ఆరేళ్ళు రావాల్సి వచ్చింది.

తర్వాత నేను దాన్ని ఏమీ అడగలేదు. ఎండలో ఊరికే నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు, వెనక ఒక వెచ్చటి ఊపిరి నా మెడకి తగిలింది. అది తనంతట తనే వచ్చి నా పక్కన నిలబడింది. మెల్లగా చెయ్యి చాపితే ముక్కు ఆనించింది. మెడ మీద అరచెయ్యి వేశాను. ఆ ఒంట్లో నలభై లీటర్ల రక్తం ఉంటుందని బూట్లావిడ అంది. రోజంతా చిన్న చిన్న గొట్టాల్లో రెండేసి చుక్కలు చూసే నాకు, ఒక ఏరు పక్కన వచ్చి నిలబడినట్టయింది. ఒళ్ళు జలదరించింది. భయం కాదు. ఇంత ప్రాణం ఇంత నిమ్మళంగా ఉండగలదా అన్న ఆశ్చర్యం. మేమిద్దరం ఒకే వైపు చూస్తూ నిలబడ్డాం. అప్పుడు ఏడ్చాను, సుఖంగా.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మా ఆయన సోఫాలో ఉన్నారు. “రేపు ఇచ్చేస్తున్నావు కదా?” అన్నారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

“లేదండీ. అత్తయ్యగారిని రానివ్వండి, సాయంత్రాలు నేనూ చేస్తాను. ఉద్యోగం మాత్రం మానను.”

టీవీ ఆగింది. “ఎందుకు?”

బస్సులో వస్తూ ఎన్ని కారణాలు పేర్చుకున్నానో! సెక్షన్ బాధ్యత, పెన్షన్, పిల్లాడి చదువు. ఒక్కటీ బయటికి తీయలేదు.

“నాకిష్టం లేదు.”

ఇంకేదైనా చెబుతానేమోనని ఆయన చాలాసేపు చూశారు. చివరికి లేచి దగ్గరికొచ్చి, నిజంగానే కంగారుపడుతూ “ఒంట్లో బాగాలేదా?” అన్నారు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. ఒంట్లో బాగున్న ఆడది కూడా వద్దంటుందని ఆయనకి ఎలా తెలుస్తుంది? నాకే ఇవాళ తెలిసింది.