ఐదో స్క్రూ

ముప్పై ఒక్క ఏళ్ళు బిర్కత్ అల్ మౌజ్ బడిలో భౌతికశాస్త్రం చెప్పాను. మూతబడిన ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుందని ఏటా అదే బొమ్మ వేసి, అదే ఉదాహరణ చెప్పేవాణ్ణి. "బండి బ్రేకు ఎలా పట్టుకుంటుందనుకున్నార్రా? ఇలాగే!" అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఏ బండి కిందికీ దూరి చూసిన పాపాన పోలేదు. రిటైరయ్యాక దూరాను.

నా ఫోర్‌వీల్ బండి మా పెద్దవాడు యఖ్జాన్ పుట్టిన ఏడాది కొన్నది. వాడికిప్పుడు ముగ్గురు పిల్లలు. కొడుకు కన్నా బండే నా మాట ఎక్కువ వింటుందని ఊరి పెద్దలు కూడే సబ్లాలో కాఫీ తాగుతూ చాలాసార్లు గొప్పలు చెప్పుకున్నాను. రిటైరైన ఏడాది వానలకి వాగు పొంగినప్పుడు, పక్కనున్న వంతెన మీంచి పోకుండా, అలవాటు కొద్దీ వాగులోంచే దాటించాను. అప్పట్నుంచి బ్రేకు మెత్తబడింది. పెడల్ రెండుసార్లు తొక్కితే గానీ బండి ఆగడం లేదు.

"నిజ్వాలో మెకానిక్కుకి చూపించండి" అంది నా భార్య జువైనా.

"నేనుండగా మెకానిక్కా?"

"మీరుండగానే కదా పాడయింది."

ఆ మాట విన్నాక ఇక మెకానిక్కు దగ్గరికి వెళ్ళే ప్రశ్నే లేదు. మర్నాడు పొద్దున్నే బండిని ఖర్జూరపు చెట్ల నీడలోకి తెచ్చి, కింద పాత చాప పరిచాను. బ్రేక్ గొట్టాల్లో గాలి చేరి ఉంటుంది, దాన్ని బయటికి తీయాలని నిర్ధారించాను. ఏం చూసి నిర్ధారించానని అడక్కండి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద చక్రం వెనకున్న చిన్న స్క్రూ వదులు చేయాలి. పాత ఆయిలూ గాలీ కలిసి బయటికొస్తాయి. స్క్రూ బిగించాకే పైవాళ్ళు కాలు తీయాలి. ఇలా నాలుగు చక్రాలకీ చేస్తూ, బానెట్ కింద ఉన్న ఆయిల్ డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి.

జువైనాని సీట్లో కూర్చోబెట్టాను.

"నొక్కు."

"నొక్కాను."

"పట్టుకో. ఇప్పుడు చూడు, నీ కాలి బలం ఈ సన్నటి గొట్టంలోంచి నా దాకా ఎలా వస్తోందో తెలుసా? ద్రవానికి ఒక గుణం ఉంది..."

"అబూ యఖ్జాన్, కాలు తియ్యనా?" యఖ్జాన్ తండ్రీ అని, ఎప్పుడూ అలాగే పిలుస్తుంది నన్ను.

"ఆగు, బిగించనీ. ఆ గుణం ఏమిటంటే..."

గుణం చెప్పడంలో మునిగిపోయి ఆయిల్ పోయడం మర్చిపోయాను. మూడో చక్రం దగ్గర ఉండగా పైన డబ్బా గుర్రుమంది, అడుగంటిన హుక్కాలాగా. వెళ్ళి చూస్తే చుక్క లేదు. ఉన్న గాలి తీయడానికి కూర్చున్నవాణ్ణి లేని గాలిని కూడా లోపలికి పంపించాను. ఈ సంగతి జువైనాకి చెప్పలేదు.

కొత్త ఆయిల్ అయిపోయింది. కొట్టుకి వెళ్ళి తెచ్చుకోవచ్చు. కానీ కొట్టతను "ఎందుకు మాస్టారూ, మళ్ళీ?" అంటాడు. అందుకని షెడ్డులో వెతికాను. ఎప్పటిదో సగం సీసా దొరికింది. మూత లేదు, మూతికి గుడ్డ కుక్కి ఉంది. ఆయిల్ ఆయిలే కదా అని పోసేశాను. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుందని, తేమ చేరిన ఆయిల్ వేడికి మరిగి ఆవిరవుతుందని నేను చదువుకోలేదా? చదువుకున్నాను. పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను.

మధ్యాహ్నానికి నాలుగు చక్రాలూ మూడు విడతలు పూర్తయ్యాయి.

"ఎలా ఉంది?" అన్నాను కిందనుంచి.

"హల్వాలో కాలు పెట్టినట్టుంది."

"మూడుసార్లు తొక్కి చూడు."

"ఇప్పుడు గట్టిపడింది." కాసేపాగి మళ్ళీ తొక్కింది. "మళ్ళీ హల్వానే."

లేవబోయాను. నడుం పట్టేసింది. చక్రాన్ని కౌగిలించుకుని, అటూ ఇటూ కదలలేక, నమాజుకి వంగినవాడిలా ఉండిపోయాను. జువైనా దిగి వచ్చి, చంకల కింద చేతులు వేసి లాగి, తలుపుకి ఆనించి కూర్చోబెట్టింది. తలగుడ్డ వెనక్కి ముడేసుకుని పానా తీసుకుంది.

"నువ్వెక్కడికి?"

"కిందికి. మీరు కూర్చోండి, నేను చూస్తాను."

ఆమె తండ్రి, దేవుడు కరుణించుగాక, మా ఊరి ఫలజ్ కాలువకి ఆరీఫ్. ఏ తోటకి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూసే పెద్దమనిషి. చిన్నప్పుడు ఆయన వెంట కాలువ గట్టున నడిచిన పిల్ల ఇది. వెల్లకిలా పడుకుని, ముందునుంచి వెనక్కి బ్రేక్ గొట్టాన్ని వేలితో తడుముకుంటూ పాకింది.

"అబూ యఖ్జాన్."

"ఏం?"

"ఈ గొట్టం వెనక చక్రాలకి తిన్నగా పోవట్లేదు. ఇరుసు పైన ఓ ఇనపడబ్బాలోకి దూరి మళ్ళీ బయటికొస్తోంది. డబ్బా నెత్తిన మట్టిలో ఓ స్క్రూ ఉంది. చక్రాల దగ్గర మీరు విప్పారే, అచ్చం అలాంటిదే."

నాకు అలాంటిదొకటి ఉందని ఆ క్షణం దాకా తెలియదు. కానీ తెలియదని చెప్పే అలవాటు నాకు బడిలోనే పోయింది.

"చక్రాలెన్ని?" అన్నాను.

"నాలుగు."

"నాలుగు చక్రాలకి ఐదు స్క్రూలెందుకుంటాయి జువైనా? అది బరువు కోసం పెట్టిన డబ్బా. బ్రేకుతో సంబంధం లేదు. ముట్టుకోకు."

"గొట్టం అందులోంచే పోతుంటే సంబంధం ఎలా ఉండదు? కింది తోటకి నీళ్ళు రాకపోతే తోటలో నిలబడి తిట్టుకోకూడదు, కాలువ వెంట పైకి నడవాలి అనేవాడు మా నాన్న."

"ఇది కాలువ కాదు."

"పారేది నీళ్ళే కదా."

"ఆయిల్."

"సరే. ఆయిలే." బయటికొచ్చి చేతులు దులుపుకుంది. ఇంకేమీ అనలేదు. ఆమె ఇంకేమీ అనకపోతే నేను భయపడాలి. ఆరోజు గెలిచాననుకున్నాను.

ఏప్రిల్లో కొండమీద గులాబీలు కోస్తారు. జువైనా అన్న హుమైద్ పైన సయ్యక్ దగ్గర ఉంటాడు, గులాబీ తోటా మేకలూ అతని లోకం. ఏటా వెళ్ళి పన్నీరు తెచ్చుకుంటాం. ఆ శుక్రవారం కూడా బయల్దేరాం. కొండ మొదట్లో పోలీసు చెక్‌పోస్టు. అక్కడున్న హిమ్యార్ నా పాత శిష్యుడే.

"మాస్టారూ, సలాం. బ్రేకులు బాగున్నాయా?"

"నేనే స్వయంగా బాగుచేశాను."

"అయితే ఇంక చూసేదేముంది!" అని చెయ్యి ఊపాడు. పక్కసీట్లో జువైనా కిటికీలోంచి కొండని చూస్తోంది.

ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది? హాయిగా ఎక్కాం. హుమైద్ ఇంట్లో అన్నం తిన్నాం. పన్నెండు సీసాల పన్నీరు అట్టపెట్టెలో సర్ది ఇచ్చారు. హుమైద్‌కి కింద పనుంది, రెండు మేకలతో సహా తనూ వస్తానన్నాడు. మేకల్ని వెనక కట్టాడు, వాటి ముందు సీట్లో తను కూర్చున్నాడు.

ఆ కొండ చిన్న గేరులోనే దిగాలి. మా ప్రాంతంలో పుట్టిన ప్రతి మేకకీ ఆ సంగతి తెలుసు. నేను మూడో గేరులో దిగాను.

"బావా, గేరు తగ్గించు" అన్నాడు హుమైద్.

"బ్రేకులుండగా గేరెందుకు బావా? గేరుతో దిగేవాళ్ళు బ్రేకుల మీద నమ్మకం లేనివాళ్ళు."

"నాకు లేదు."

"నేను చేసిన బ్రేకులవి."

"అందుకే."

అతను చూస్తున్నాడని మరీ ధీమాగా నడిపాను. ప్రతి మలుపులోనూ మూడుసార్లు తొక్కుతున్నాను, నా మోకాలు ఎవరికీ కనబడకుండా. సగం దిగాక జువైనా ముక్కు ఎగబీల్చింది.

"ఏదో కాలుతోంది."

"మీ అన్న పొయ్యి మీద పన్నీరు కాస్తాడు కదా, ఆ పొగ మన బట్టలకి పట్టింది."

తర్వాతి మలుపులో తొక్కితే పెడల్ నేలకి అంటింది. మళ్ళీ తొక్కాను. నేల. ఆరుసార్లు తొక్కాను. ఆరుసార్లూ నేలే. బండి జోరందుకుంది. హాండ్‌బ్రేకు లాగాను, అదేదో మూలిగింది, అంతే. ఆపదలో మనిషి దేవుణ్ణి పిలుస్తాడంటారు. నేను "జువైనా!" అని అరిచాను.

"నన్ను పిలిస్తే నేనేం చేస్తాను, పెడల్ మీదున్నది మీ కాలు! అదిగో కుడిపక్క కంకర! కంకరలోకి తిప్పండి!"

"గేరు! గేరు దించు!" అని వెనకనుంచి హుమైద్.

రెండో గేరుకి దించాను. ఇంజను గాడిదలా ఓండ్రపెట్టింది. బ్రేకులు పోయిన బండ్ల కోసం రోడ్డు పక్కన ఎత్తుగా కంకర పోసి ఉంచుతారు. ఎవరి కోసమో అనుకునేవాణ్ణి. అందులోకి తిప్పాను. చక్రాలు కంకరలో కూరుకుంటూ, రాళ్ళు అద్దం మీద వడగళ్ళలా పడుతూ, ఇరుసుల దాకా దిగబడి బండి ఆగింది. ఆ తర్వాత ఒక మేక అరిచింది. పన్నీరు సీసాలన్నీ పగిలి, పెళ్ళిపందిట్లో చల్లినట్టు మమ్మల్ని ముగ్గుర్నీ తడిపేశాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. స్టీరింగు మీంచి నా వేళ్ళు రాలేదు. జువైనా వాటిని ఒక్కొక్కటే విడదీసింది. తిడుతుందనుకున్నాను. ఆమె చేతులు కూడా వణుకుతున్నాయని అప్పుడు చూశాను. నా బతుకులో అంత సిగ్గుపడ్డ క్షణం ఇంకోటి లేదు. సిగ్గు బ్రేకు పోయినందుకు కాదు, ఆ వణుకు నావల్ల వచ్చినందుకు.

కబురందుకుని హిమ్యార్ తన బండీ తాడూ వేసుకుని వచ్చాడు. మేకల దగ్గర్నుంచి అందరం గుబాళిస్తున్నాం.

"మీరే చేశానన్నారని ఆపలేదు మాస్టారూ" అన్నాడు తల గోక్కుంటూ.

"తప్పు నీది కాదు నాయనా."

"పాఠం మాత్రం బాగా చెప్పేవారు మాస్టారూ."

ఓదార్చడానికే అన్నాడు. అందుకే ఎక్కువ మండింది.

మర్నాడు హుమైద్ వెనక చక్రాలు ఊడదీశాడు. డ్రమ్ముల్లోంచి ఎండిన వాగుమట్టి పెళ్ళలుగా రాలింది. గీరి శుభ్రం చేసి, లోపలి బ్రేకు షూలని డ్రమ్ముకి దగ్గరగా జరిపాడు. అరగంట పని. మొదట్లో ఉన్న జబ్బు ఇదొక్కటే. మిగతాదంతా నా వైద్యం.

మూత తీయని కొత్త ఆయిల్ డబ్బా నేనే వెళ్ళి తెచ్చాను. కొట్టతను ఏమీ అడగలేదు. ఊరంతటికీ అప్పటికే తెలుసు.

జువైనా పానా పట్టుకుంది. "నేను కిందికి పోతున్నా. మీరు నొక్కండి. పాఠం వద్దు. ఆయిల్ అన్నయ్య పోస్తాడు."

ఆ పాత ఆయిలంతా పోయి కొత్తది వచ్చేదాకా నాలుగు చక్రాలకీ తీసింది. పెడల్ ఇంకా మెత్తగానే ఉంది. అప్పుడు ఇరుసు పైనున్న డబ్బా దగ్గరికి పాకింది. మట్టి గోకి, స్క్రూ వదులు చేసింది.

"నొక్కండి."

నొక్కాను. కిందనుంచి బుసమని చప్పుడు. హుమైద్ వంగి చూసి, "ఓయ్! ఉడుకుతున్న గంజిలా బుడగలొస్తున్నాయి బావా!" అన్నాడు. బిగించి, మళ్ళీ వదిలి, మళ్ళీ బిగించి, ఆరేడుసార్లు అయ్యాక బుడగలు ఆగి తేట ఆయిల్ వచ్చింది. నా కాలికింద పెడల్ ఒక్కసారిగా రాయిలా నిలబడింది.

"ఎలా ఉంది?" అంది కిందనుంచి.

"గట్టిగా ఉంది."

"ఇంకోసారి చెప్పండి, వినబడలేదు."

"గట్టిగా ఉంది, జువైనా. నువ్వు చెప్పిందే నిజం."

బయటికి రాలేదు కాసేపు. నవ్వుతోందో ఏం చేస్తోందో, చాప మీద ఆమె పాదాలు మాత్రం కదిలాయి.

సాయంత్రం బండి అరలోంచి, కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు చింపని పుస్తకం తీసి చదివాను. వెనక బరువుని బట్టి వెనక బ్రేకుల బలం ఎక్కువ తక్కువ చేసే డబ్బా అట అది. గాలి తీసేటప్పుడు దాని స్క్రూ కూడా మర్చిపోవద్దని పెద్దక్షరాల్లో, చక్కటి అరబ్బీలో రాసి ఉంది. ముందు పుస్తకం తెరవండ్రా అని ఎందరు పిల్లల చెవులు మెలేశానో.

వారం తర్వాత సబ్లాకి బండిలో వెళ్ళాను. పెద్దలంతా గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. నా కాలు పాత అలవాటుతో మూడుసార్లు తొక్కింది, కొత్త బ్రేకు మూడుసార్లూ పట్టింది. బండి ముక్కు మూడుసార్లు వంగి లేచింది. "అలైకుం సలాం!" అన్నారెవరో గుమ్మంలోంచి, ఒకటే నవ్వు.

ఊళ్ళో అందరికన్నా పెద్దాయన షేక్ సుహైల్ ఖర్జూరాల పళ్ళెం నా వైపు జరిపాడు.

"బ్రేకులు భేషుగ్గా ఉన్నాయే ఖల్ఫాన్. ఎవరు చేశారు?"

"మేమే..." అన్నాను. ఎదురుగా హుమైద్ కాఫీ గిన్నె పెదాల దగ్గర ఆపి చూస్తున్నాడు.

"జువైనా చేసింది" అన్నాను.

"మరి నువ్వేం చేశావు?"

"నేను పాడుచేశాను" అని మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. హుమైద్ మధ్యలో రెండుసార్లు ఎక్కువ చేసి చెప్పబోతే అతన్ని ఆపాను, నా మూర్ఖత్వానికి ఒకరి సాయం అక్కర్లేదని. కాఫీ మూడు విడతలు తిరిగింది, కథ ఇంకా వాగు దాటలేదు.