'పి'లోనే ఉందండి

మెర్సీ పాదంలో కమ్మీలు వేసి వార్డులోకి తెచ్చి గంట కూడా కాలేదు. మత్తు దిగుతూ ఆమె మూలుగుతుంటే యెహెజ్కేలు ఫోను మోగింది.

"ఓసారి షోరూముకి రావయ్యా. కారు ఇక్కడే ఉంది. పది నిమిషాల పని," అన్నారు పార్థసారథి గారు.

దానవాయిపేటలో ఆ లెక్చరర్ గారింట్లో నాలుగేళ్ళుగా అతను డ్రైవరు, అతని భార్య మెర్సీ పనిమనిషి. నిన్న పొద్దున్న యెహెజ్కేలు కారు బయటికి తీసి, గేరు లివరు 'పి'లోకి, అంటే పార్కింగులోకి నెట్టి, ఇంజను ఆపకుండానే అమ్మగారి చేతిలో సంచీ అందుకోడానికి దిగాడు. వెనక మెర్సీ గేటు వేస్తోంది. లోపల ఎవరూ లేని కారు ఉన్నట్టుండి వెనక్కి కదిలింది. ఆమె కేక విని అతను ఎగిరి దూకి ఇంజను ఆపేసరికే పాదం చక్రం కింద నలిగిపోయింది. పార్థసారథి గారు ఇంట్లోంచి పరుగున వచ్చేసరికి కూడా లివరు 'పి'లోనే ఉంది.

బండికున్న ఈ జబ్బు అతనికి కొత్త కాదు. బండి 'పి'లో ఉండి కూడా కదులుతోందని రెండు నెలల్లో రెండుసార్లు షోరూముకి తీసుకెళ్ళి చెప్పాడు. రెండుసార్లూ ఒక రోజు ఉంచుకుని, లోపమేమీ లేదని రాసి పంపేశారు.

మేనేజరు యుగంధర్ ఏసీ గదిలో ఒక కాయితం ముందుకు జరిపాడు. రివర్సులో ఉంచి దిగడం వల్ల ప్రమాదం జరిగిందనీ, తప్పు డ్రైవరుదేననీ అందులో ఉంది.

"ఇక్కడ సంతకం పెట్టు. గేర్‌బాక్సు మొత్తం ఫ్రీగా మార్చేస్తాం."

యెహెజ్కేలు రెండుసార్లు చదివాడు.

"తప్పు నాదైతే గేర్‌బాక్సు ఎందుకు మారుస్తున్నారండి?"

యుగంధర్ పార్థసారథి గారి వైపు చూశాడు.

"కోర్టులంటే ఏళ్ళు పడతాయయ్యా," అన్నారాయన, తల ఎత్తకుండా. "ఆదివారం అన్నవరంలో వ్రతం, అప్పటికి బండి కావాలి. స్టేషన్లో నేను మాట్లాడతాను. మెర్సీ మందుల ఖర్చు కూడా నాదే."

"దానికి తెలివొచ్చాక, నా మీదకి బండి తోలిందెవరయ్యా అని అడిగితే, నేనేనని చెప్పమంటారాండి? ఆ లివరు 'పి'లో ఉండటం మీరూ చూశారు కదండీ. అమ్మగారూ చూశారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోడం మొదలెట్టారు. ఆయన చూశారని యెహెజ్కేలుకి తెలిసిపోయింది.

"నేను సంతకం పెట్టనండి."

"అయితే మేం చేసేదేం లేదు సార్. బండి తీసుకెళ్ళిపోండి," అంటూ యుగంధర్ కారు తాళంచెవి కాయితం మీద పడేశాడు.

పార్థసారథి గారి మొహం ఎర్రబడింది. "రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు. ముందు కారు ఇంటి దగ్గర పెట్టేసి పో."

"నేనీ బండి ఎక్కనండి," అన్నాడు యెహెజ్కేలు. "మీరూ ఎక్కకండి. మీ పాపని అసలే ఎక్కించకండి."

అద్దాల తలుపు తోసుకుని ఎండలోకి నడిచి, ఆసుపత్రి వైపు వెళ్ళే ఆటో ఆపాడు. లోపల కాయితం మీద తాళంచెవి అలాగే ఉంది. పార్థసారథి గారు దాని మీదికి చెయ్యి చాపారు, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.