డాలీ బరువుకు తగ్గ స్ప్రింగు

దక్షిణాఫ్రికాలోని స్టాంగర్‌లో క్లినిక్ సాయంత్రం తలుపులు మూసేసరికి డాలీకి మాట్లాడే ఓపిక కూడా మిగిలేది కాదు. తెల్లవాళ్ళ పాలన పోయి, కొత్త ప్రభుత్వం వచ్చి వైద్యం ఉచితం చేసింది. మంచి పనే, ఎప్పుడో చెయ్యాల్సింది. దాంతో వరస వీధి మలుపు దాకా పెరిగింది గాని నర్సులు పెరగలేదు. రెండో ఎన్నికల నాటికి వచ్చే రోగుల తీరే మారిపోయింది. నిన్నమొన్నటిదాకా చెరుకు మోపులు ఎత్తిన పడుచువాళ్ళు ఎముకల గూళ్ళయి వస్తున్నారు. ఆ జబ్బు పేరు ఎవరూ పైకి అనరు. వాళ్ళకివ్వడానికి డాలీ దగ్గర విటమిన్ మాత్రలు, నోటిపూతకి మందు, ఒక మంచి మాట ఉండేవి. పొద్దు వాలేసరికి ఆ మంచి మాట కూడా అయిపోయేది.

ఇంటికి వస్తే మొగుడు రాజెన్. రెండేళ్ళ కిందటి దాకా చక్కెర మిల్లులో ఫిట్టరు. చెరుకు ఎత్తే క్రేన్ పక్కనున్న ఇనుప మెట్ల మీంచి పడ్డాడు. వెన్ను అతుక్కుంది గాని ఎడమకాలు మోకాలి కింద నుంచి మాట వినడం మానేసింది. రెండు చంకకర్రల మీద వంటింటికీ వరండాకీ తిరుగుతాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాని రోజంతా ఇంట్లో ఒక్కడే ఉండి పోగేసుకున్న మాటలన్నీ ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే కుమ్మరించేవాడు. పొద్దున్నుంచి నూరుమంది గోడు విన్న చెవులు ఆ ఒక్కడి గోడుకి తట్టుకోలేకపోయేవి.

అందుకే ఆమె సైకిలెక్కి వెళ్ళిపోయేది.

సైకిలు రాజెన్‌ది. కొండదారుల్లో తొక్కేది, ముందూ వెనకా రెండు చోట్లా కుదుపులు మింగే షాక్ ఉన్నది. పందేలు మానేసిన ఒక మనిషి దగ్గర కొన్నాడు. తొంభై కిలోల తన ఒంటికి తగ్గట్టు వెనక షాక్‌కి లావుపాటి స్ప్రింగు వెతికి మరీ బిగించుకున్నాడు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారం ఆమెతో, "కదలకుండా పెడితే పాడైపోద్ది. నేను లేచేదాకా నువ్వు తిప్పుతా ఉండు," అన్నాడు. డాలీ పొడగరి, సీటు కిందికి దించుకుంటే కాళ్ళు అందాయి. మొదట్లో మొగుడి మాట కాదనలేక తిప్పింది. రానురాను ఆ చెరుకు తోటల మట్టిదారుల్లో, ఎవరూ ఏమీ అడగని ఆ గంట లేకపోతే మర్నాడు క్లినిక్ తలుపు తెరవలేననిపించే స్థితికొచ్చింది. ఆ సంగతి రాజెన్‌కి చెప్పలేదు. కాలు పడిపోయినవాడి దగ్గర పరుగు గురించి ఎలా చెబుతాం?

ఒక్కటే బాధ. ఆ సైకిలు ఆమెని కొట్టేది. రాళ్ళ మీద దిగినప్పుడల్లా వెనకచక్రం పొట్టేలు కుమ్మినట్టు కుమ్మేది. మణికట్లు వాచేవి, నడుము పట్టేసేది. కొండసైకిళ్ళంటే ఇంతే కాబోలు అనుకుంది. ఈమధ్య షాక్ నుంచి నూనె కూడా కారుతోంది. రాజెన్‌కి చెబితే, "బాగు చేయిద్దాంలే. చలికాలం పోనీ, నేనెక్కేటప్పుడు చూసుకుంటా," అన్నాడు. పోయిన చలికాలం ముందూ, సైకిలు ఎప్పుడెక్కుతావంటే అదే మాట.

సెప్టెంబరులో ఒక శుక్రవారం ఏటివైపు దిగుతుంటే వెనకచక్రం ఒక బండ మీద ఎగిరింది. డాలీ హ్యాండిల్ మీంచి వెళ్ళి చెరుకు మొదళ్ళ మధ్య పడింది. భుజం చీరుకుపోయింది. తల నేలకి తగల్లేదు, ఎముకలు విరగలేదు. నర్సు కాబట్టి పడుకునే అన్నీ తడిమి చూసుకుంది. ఇక లేవాలి. లేవబుద్ధి కాలేదు. మట్టి వెచ్చగా ఉంది. పైన చెరుకు ఆకులు గరగరమంటున్నాయి. క్లినిక్‌లోలా ఎవరూ సిస్టా అని పిలవడం లేదు. ఒక్క నిమిషం అనుకుని కళ్ళు మూసుకుంది.

"సిస్టా! హౌ, సిస్టా!"

ఎవరో చెంపలు తడుతున్నారు. కళ్ళు తెరిస్తే మ్యాగీ. చెరుకు నరికే ముఠాలో మనిషి, మనవరాలిని ఎత్తుకుని నెలనెలా క్లినిక్‌కి వస్తుంది. ఆమె ముఖం బూడిదరంగుకి తిరిగిపోయింది.

"చచ్చిపోయావనుకున్నాను. ఎంతసేపు పిలిచాను!"

"నిద్రపట్టింది మ్యాగీ," అంది డాలీ సిగ్గుపడుతూ.

మ్యాగీ నమ్మలేదు. వద్దంటున్నా సైకిలు తానే నెట్టుకుంటూ ఇంటిదాకా వచ్చింది. వరండాలో ఉన్న రాజెన్‌తో ఆమె తనకొచ్చిన ఇంగ్లీషులో, చేతులు తిప్పుతూ చెప్పింది: "నీ భార్య చెరుకులో శవంలా పడుకుంది. మనిషి అలసిపోయింది. చూసుకో."

మ్యాగీ వెళ్ళాక రాజెన్ చంకకర్రలు గోడకానించి సైకిలు పక్కన నేలమీద చతికిలబడ్డాడు. డాలీ స్నానం చేసి, భుజానికి కట్టు కట్టుకుని వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు, షాక్ మీద వేలు పెట్టి చూస్తూ. స్ప్రింగు లోపలి మెరిసే కడ్డీ మీద చివర ఒక్క వేలు వెడల్పు మాత్రం తళతళలాడుతోంది. మిగతా అంతా ఎండిన దుమ్ము, నూనె.

"ఇది నీ కింద కదలనే లేదు," అన్నాడు. "ఇంత పొడుగు కడ్డీలో ఇంతే కదిలింది. ఇన్నాళ్ళూ రాయి మీద కూచుని తొక్కినావు."

"పోనీలే."

"పోనీలే ఏటే?" అని తల దించుకున్నాడు. వాళ్ళింట్లో మాటలు చాలామట్టుకు ఇంగ్లీషే. కోపమొచ్చినప్పుడు, ప్రేమ తన్నుకొచ్చినప్పుడు మాత్రం చెరుకు కూలికి వచ్చిన ముత్తాతలు ఓడలో తెచ్చిన తెలుగు నాలుగు ముక్కలు బయటికొచ్చేవి. ఇది కోపమో ప్రేమో డాలీకి తెలియలేదు. తెలుసుకునే ఓపికా లేదు.

మరుసటి వారం డర్బన్‌లో నర్సులకి ఏదో శిక్షణ జరిగింది. అది ముగిశాక డాలీ సైకిళ్ళ కొట్టుకి వెళ్ళింది. కొట్టు నడిపేది హేజెల్ అనే నెరిసిన జుట్టు మనిషి. ఒకప్పుడు తనూ పందేల్లో తొక్కి రెండు మోకాళ్ళూ పాడుచేసుకుంది. కారిపోతున్న షాక్ కొలతలు విని, బల్ల మీద రెండు కొత్తవి పెట్టింది. ఒకటి స్ప్రింగు చుట్టింది, బరువైనది. రెండోది నల్లటి చిన్న గొట్టం, లోపల గాలి.

"తొక్కేవాళ్ళ బరువెంత?" అంది హేజెల్.

"మా ఆయన తొంభై. నేను యాభై ఎనిమిది."

"ఇద్దరికీ కుదిరే స్ప్రింగు ఉండదు. ఎవరి బరువుకి ఇవ్వమంటావ్?"

డాలీ రెండింటినీ చేత్తో ఎత్తి చూసింది. "ఈ గాలిదో?"

"అది ఎవరికైనా సరిపోతుంది. చిన్న పంపుతో గాలి ఎక్కించుకోవడం, తీసెయ్యడం. తేలిక కూడా. కాని చెరుకు దారుల దుమ్ముకి లోపలి రబ్బర్లు త్వరగా పోతాయి, మాటిమాటికీ విప్పాలి. పొడుగాటి దిగుడుల్లో వేడెక్కి తీరు మారిపోతుంది. స్ప్రింగుదైతే నీ బరువుకి సరిగ్గా పెట్టామంటే ఏళ్ళ తరబడి మర్చిపోవచ్చు, రాళ్ళ మీద మెత్తగా ఉంటుంది." కొంచెం ఆగి అడిగింది: "మీ ఆయన వారానికి ఎన్నిసార్లు తొక్కుతాడు?"

"తొక్కడు." డాలీ రెండూ బల్ల మీద పెట్టేసింది. "ఇంకా తొక్కడం లేదు. దెబ్బ తగిలింది."

హేజెల్ ఆమె ముఖంలోకి చూసింది. "రోజూ తొక్కే మనిషిని, ఎప్పుడో ఎక్కబోయే మనిషి కోసం షాక్ కొనమని నేనైతే చెప్పను. అయినా అది మీ ఇంటి సంగతి. రెండూ పక్కన పెట్టి ఉంచుతాను. శనివారం చెప్పు."

స్టాంగర్ దాకా బస్సులో కూర్చుని డాలీ గాలిదే అని తేల్చుకుంది. అందులో ఇద్దరికీ చోటుంది. స్ప్రింగు తెస్తే రాజెన్ ముఖం మీద తలుపు వేసినట్టే. రోజంతా జనానికి నిజాలు చెప్పీ చెప్పీ వస్తుంది. ఇంట్లో కూడా ఒకటి చెప్పడం ఆమె వల్ల కాదు.

"గాలి షాకా?" రాజెన్ విని ఎగిరిపడ్డాడు. "ఆ దుమ్ములోనా? అయ్‌కోనా, కుదరదు! నీకు పిచ్చిగానీ పట్టిందేటే? నెలకోసారి విప్పాలి. రబ్బర్లు యాడ దొరుకుతాయి?"

"తేలిగ్గా ఉంటుందని."

"నువ్వు పందేలకి ఎల్తున్నావా తేలికకి?"

"తీసుకోవాలనిపించింది, తీసుకుంటున్నాను. వదిలెయ్ రాజెన్."

"స్ప్రింగుది ఎందుకొద్దు? చెప్పు."

పొయ్యి మీద పప్పు పొంగుతోంది. డాలీ దాన్ని దించలేదు. "ఎందుకంటే స్ప్రింగు ఒక్కరికే సరిపోద్ది కాబట్టి. చాలా?"

రాజెన్ చంకకర్ర మీద వంగి పొయ్యి మంట తగ్గించాడు.

"పోయినేడే మీ క్లినిక్‌లో డాక్టర్ శశికాంత్‌ని అడిగినా," అన్నాడు. "నువ్వు మందుల గది దగ్గర ఉన్నప్పుడు. ఇండియా నుంచి వచ్చాడు కదా, మనోడే అని తెలుగులో చెప్పాడు. సగం అర్థం కాలేదు. అర్థమైన సగం చాల్లే. ఈ కాలు ఇంతే."

డాలీ కుర్చీలో కూలబడింది. "ఏడాది నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి చలికాలం పోనీ, చలికాలం పోనీ అని..."

"సాయంత్రం నువ్వు గుమ్మంలోకి వచ్చే తీరు చూసినావా ఎప్పుడైనా? ఆ మొహానికి ఇంకో చెడ్డ వార్త ఎట్టా చెప్పేది?" చంకకర్ర చివరతో నేలని గీకుతూ అన్నాడు. "నువ్వు నమ్ముతున్నావు కదా, నమ్మనీలే అనుకున్నా."

"నేను నమ్మలేదు," అంది డాలీ. "మొదటి రోజే ఎక్స్‌రే చూశాను. నర్సుని రాజెన్ నేను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డాలీకి ఏడుపు రాలేదు. ఏడవడానికీ ఓపిక కావాలి. రెండేళ్ళుగా ఎత్తి పట్టుకున్న బరువుని దించినా చేతులు అలాగే బిగుసుకుపోయి ఉన్నట్టుంది. రాజెన్ మాత్రం ముఖం పక్కకి తిప్పుకుని ముంజేత్తో తుడుచుకున్నాడు. తరవాత మెల్లగా, పూజ రోజున పెద్దవాళ్ళు మాట్లాడే తెలుగులో అన్నాడు:

"నాకు చోటు ఉంచొద్దే. నీ మట్టుకు నువ్వు తెచ్చుకో."

శనివారం హేజెల్ స్ప్రింగు షాకే ఇచ్చింది. బరువు అటూ ఇటూ అయితే మార్చుకోమని, ఇంకొంచెం మెత్తటి స్ప్రింగు ఒకటి ఊరికే చేతిలో పెట్టి, వాడనిది తెచ్చిచ్చెయ్యమంది. ఆదివారం పొద్దున రాజెన్ బోర్లించిన డబ్బా మీద కూర్చుని పాత షాక్ విప్పాడు. మరలు తుప్పు పట్టి రాలేదు. చెమటలు కక్కుతూ, తిడుతూ, డాలీ చేత స్పానర్లు అందించుకుంటూ గంటసేపు పెనుగులాడాడు. మిల్లులో పని మానేశాక అతని చేతులు అంత నల్లబడటం అదే మొదటిసారి. కొత్తది బిగించి ఆమెని ఎక్కి కూర్చోమన్నాడు. డాలీ ఒక చెయ్యి గోడకి ఆనించి కూర్చుంది. అతను టేపు పెట్టి, షాక్ ఎంత కుంగిందో కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"సరిగ్గా కూకో. పూర్తి బరువు వెయ్యి."

"వేశాను."

"కుంగాల్సినంత కుంగలేదు." టేపు చుట్టి ఆమెని తేరిపార చూశాడు. "యాభై ఎనిమిదని ఎప్పుడు తూచుకున్నావ్?"

ఆమెకి గుర్తు రాలేదు. దినమూ ఎందరినో త్రాసు మీద నిలబెడుతుంది, తను ఎక్కి ఎన్నాళ్ళయిందో. లోపలికి వెళ్ళి స్నానాలగదిలో త్రాసెక్కింది. ముల్లు యాభై ఒకటి దగ్గర ఆగింది. దిగి, మళ్ళీ ఎక్కింది. ఏడు కిలోల ఈ తరుగు వేరే ఎవరి పేరు పక్కన ఉన్నా వాళ్ళని పక్కగదిలోకి పిలిచి నాలుగు ప్రశ్నలు అడిగి ఉండేది.

బయటికి వచ్చి చెప్పింది. రాజెన్ స్పానరు కింద పెట్టాడు.

"క్లినిక్‌లో మధ్యాహ్నం ఏం తింటున్నావు?"

"టీ."

"ఇంకా?"

"టీ, రాజెన్."

అతను "సచ్చినదానా," అని గొణిగి, షాక్ మళ్ళీ విప్పి, మెత్తటి స్ప్రింగు ఎక్కించాడు. ఈసారి ఆమె కూర్చోగానే సైకిలు నిట్టూర్చినట్టు కిందికి దిగి నిలిచింది. సోమవారం నుంచి డబ్బాలో అన్నం కట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు. మొదటి వారం ఉప్పు ఎక్కువైంది, రెండో వారం ఉప్పే లేదు. డాలీ తినేది.

షాక్ బిగించిన ఆ ఆదివారమే ఆమె ఏటివైపు దిగుడు దాకా వెళ్ళింది. భుజం ఇంకా నొప్పిగానే ఉంది. బండ దగ్గరికి రాగానే ఒళ్ళంతా బిగదీసుకుంది. వెనకచక్రం లేచింది, దిగింది, అంతే. దెబ్బ నడుము దాకా రాలేదు. అలసట పోయిందా అంటే పోలేదు. రేపటి వరస రేపు ఉండనే ఉంది. కాని సైకిలు తనని కొట్టడం మానేసింది.

తిరిగొచ్చేసరికి రాజెన్ వరండాలో ఉన్నాడు. ఇదివరకైతే ఆమె, "బానే ఉంది," అని లోపలికి వెళ్ళిపోయేది.

"ఎట్టా ఉంది?" అన్నాడు.

డాలీ బూట్లు విప్పకుండానే మెట్ల మీద కూర్చుంది. "ఆ దిగుడు మొదట్లో నీళ్ళకి పెద్ద గాడి పడింది, తెలుసా? ఎడమపక్కగా పోవాలి ఇప్పుడు."

"ఎడమపక్క మామిడిచెట్లుంటాయిగా?"

"కొట్టేశారు. పోయిన వానలప్పుడే."

"కొట్టేశారా?" చంకకర్రలు పక్కన పెట్టి ముందుకు వంగాడు. "నాకు చెప్పలేదేటి?"

"నువ్వు అడగలేదు. నేనూ చెప్పలేదు."

"సరే, మొదట్నించీ చెప్పు. గేటు దాటినాక ఏటుంది?"

డాలీ గోడకి వీపు ఆనించి, గేటు దగ్గర నుంచి మొదలుపెట్టింది.