వీపు ఆనించే పువ్వు

మునీశ్వరికి అత్త బయ్యమ్మంటే ప్రాణం. అలాగని ఆవిడ మొండితనాన్ని వెనకేసుకొస్తే అబద్ధమాడినట్టే. వీపు వెనక మెత్తటి దిండు పెట్టుకుని కూర్చోమని మదనపల్లె డాక్టరు చెప్పి ఏడాది కావస్తోంది. "దిండేసుకుని కూసునేదానికి నేనేమన్నా జమీందారు పెండ్లామా" అంటూ ఆవిడ గోడకే ఆనుకుంటోంది, రాత్రంతా మూలుగుతోంది.

ఆ నొప్పి ఎక్కడిదో మునీశ్వరికి తెలుసు. తొమ్మిదేళ్ల కిందట కూతురు దీపిక నెలలు నిండకుండా, కిలోన్నర కూడా లేకుండా పుట్టింది. బిడ్డను ఒంటి వేడికి హత్తుకుని కూర్చోవాలన్నారు నర్సులు. ఆపరేషన్ కుట్లతో మునీశ్వరికి లేచే ఓపిక లేదు. పుంగనూరు పక్క చేనులో టమోటా కోతకొచ్చి ఉంది, ధర కూడా మంచి ఊపు మీద ఉంది. బయ్యమ్మ దాన్ని అట్లాగే వదిలేసి వచ్చి, ఆసుపత్రి ఇనుప కుర్చీలో ఇరవై రోజులు మనవరాలిని రొమ్ము మీద పెట్టుకుని కూర్చుంది. "పంటదేముంది, ఇంగో కారుకి మళ్లా పండతాది" అంది. బిడ్డ దక్కింది, ఆవిడ నడుము పోయింది.

అంత చేసిన మనిషికి అంగడి దిండు కొనివ్వడం మునీశ్వరికి మనసొప్పలేదు. తన చేత్తో కుట్టి ఇస్తే కాదనదులే అనుకుంది. కుప్పంలో పుట్టింటికి వెళ్లి, దారం ఒత్తుగా నింపే కుట్టు వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. తెల్లగుడ్డను ఫ్రేముకు బిగించి, నెలన్నర కూర్చుని ఇంత పెద్ద తామరపువ్వు కుట్టి, దిండుకు తొడిగింది.

బయ్యమ్మ రేకులన్నీ వేలితో తడిమి మురిసిపోయింది. నేరుగా తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకుంది.

"అది నీ వీపుకు, అత్తా."

"లచ్చిందేవి కూసునే పువ్వుకు వీపు ఆనించేదా? కండ్లు పోతాయమ్మా."

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. ఇక్కడ తలిచింది దైవం కాదు, అత్త. పోనీ చామంతి కుడదామంటే అదీ పూజకే, గులాబీ పూజకే, మందారమూ పూజకే. దేవుడికి అక్కర్లేని పువ్వు ఏదైనా ఉందా అని మునీశ్వరి రెండు రోజులు తల బద్దలు కొట్టుకుంది.

మూడో రోజు చేనులో కనిపించింది. టమోటా పూత. గోరంత పసుపుపచ్చ పువ్వు, తలవంచుకుని ఉంది. దాన్ని ఎవరూ జడలో పెట్టుకోరు, ఏ దేవుడూ అడగడు. ఇంకో నెల కష్టపడి కొత్త గుడ్డ మీద కొమ్మలు, ఆకులు, పూత అన్నీ దింపింది.

బయ్యమ్మ కొత్త దిండును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"టమోటా పూత గదా ఇది."

"అవునత్తా. ఇది ఏ దేవునికీ పెట్టరు."

"దేవునికి పెట్టకపోతేనేమి, నలభై ఏండ్లు మనకు అన్నం పెట్టింది."

ఇదీ గూట్లోకే పోయేటట్టుంది. మునీశ్వరి ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. "నా బిడ్డనెత్తుకుని కూసున్నందుకే గదా నీ నడుము పోయె. నీ రుణం నేను యాడ తీర్చుకునేదత్తా? ఒక్కసారి ఆనుకో."

"ఏడవబాకు" అంది బయ్యమ్మ. దిండును గోడకు చేర్చి, భయం భయంగా వెనక్కి వాలింది. ఏళ్లుగా బిగుసుకున్న భుజాలు మెల్లగా కిందికి దిగాయి. "అన్నం పెట్టినోళ్ల మింద గాక ఇంకెవురి మింద వాలతాము?"

మునీశ్వరి కళ్లు తుడుచుకుని పక్కన కూర్చుంది.

"ఇప్పుడు నాకు అన్నం పెడతాండేది నువ్వు గదా" అంటూ బయ్యమ్మ తల పక్కకు వంచి కోడలి భుజం మీద పెట్టింది.